వెనక్కి చూడకుండా పీకిన నేల ఉసిరి

మా నాయనతో నా పోట్లాట ఒక్క విషయంలోనే. కూరలో ఉప్పు తక్కువైందనో, ఫ్యాను ఎందుకు ఆపలేదనో వచ్చేవి పోట్లాటలు కావు, ఇద్దరే ఉన్న ఇంట్లో అవి కాలక్షేపం. అసలు పోట్లాట ఆదివారం పొద్దున ఆయన పోసే పసరు మందు గురించి. "ఎప్పుడో ఒకనాడు ఎవరి ప్రాణం మీదికో తెస్తావు నాయనా, మానెయ్" అని చెవినిల్లు కట్టుకుని పోరేదాన్ని. ఆయన నా మాట వినపడనట్టు ముఖం పెట్టి, రోలు తుడుచుకుంటూ కూర్చునేవాడు.

మేముండేది ఎమ్మిగనూరు చివర, కాలువ వైపు. నాయన చేనేత మనిషి. మగ్గం గుంటలో కాళ్ళు ఆడించి ఆడించి మోకాళ్ళు అరిగిపోయాయి, కొన్నాళ్ళకు మగ్గమూ ఆగిపోయింది. పసరు మాత్రం ఆగలేదు. నేను రోజూ బస్సెక్కి ఆదోనికి పోయి ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. వారమంతా జనాల కామెర్లను కాగితం మీద అంకెల్లో చూస్తాను, ఆదివారం మా వసారాలో వాళ్ళ కళ్ళల్లో చూస్తాను. కూతురిదేమో సూది, తండ్రిదేమో పసరు. "మీ ఇంటికొస్తే రెండూ దొరుకుతాయి కదమ్మా, ఇంగ ఆసుపత్రి యాలా?" అని వీధిలో ఎకసెక్కాలు. నాకు ఒళ్ళు మండేది. నాయన మాత్రం మీసాల్లోనే నవ్వుకునేవాడు.

ఆ పసరు నేల ఉసిరిది. ఈ పేరు ఇలా బాహాటంగా రాయడానికి ఒకప్పుడు వీల్లేదు, రాస్తే మా ఇంట్లో పెద్ద రభసే అయ్యేది. జానెడు మొక్క. వాన పడితే చాలు, గట్ల మీద, కాలువ పక్కన, ఇళ్ళ గోడల కింద ఎక్కడ పడితే అక్కడ లేస్తుంది. ఆకు చూస్తే ఉసిరాకే, కాకపోతే చిన్నది. రెమ్మను తిరగేసి చూస్తే ఆకుల కింద వరసగా ఆవగింజల్లాంటి కాయలు వేలాడుతుంటాయి. నాయన చేతుల్లో పడితే అది కామెర్లకు మందు, పాత పుండుకు పట్టు, ఒంటి వేడికి కషాయం. మూత్రం మండితే అదే, ఆకలి చచ్చిపోతే అదే. "నీకు జలుబు చేసినా అదే రుబ్బుతావు కదా" అని నేనంటే, "జలుబుకు తులసి ఉండాది కదమ్మే, దీన్నేంటికి పాడు చేసేది?" అనేవాడు, నాకే తెలివి లేనట్టు.

మొక్కను వేరుతో సహా రుబ్బి, గుడ్డలో పిండి, పలచని మజ్జిగలో కలిపి పరగడుపున ఇస్తాడు. మూడు ఆదివారాలు. పైసా ముట్టడు, కొబ్బరికాయ కూడా తీసుకోడు. పత్యం మాత్రం పోలీసు కంటే గట్టిగా పట్టిస్తాడు. ఉప్పు తగ్గించాలి, నూనె బందు, మాంసం బందు, సారా మాటెత్తితే గుమ్మం బయటికే. అన్నిటికీ తలూపిన వాళ్ళు ఒక్క దగ్గర బిక్కముఖం వేసేవాళ్ళు. మా వైపు పొద్దున్నే తినే బొరుగుల ఉగ్గాని, బజ్జి నెల రోజులు ముట్టకూడదు. ఆదోని నుంచి వచ్చిన ఒక బట్టల అంగడి సాయిబు ఆ మాట విని తల పట్టుకున్నాడు. "యా అల్లా! పెద్దాయనా, కామెర్లన్నా ఉండనీ గానీ ఉగ్గాని మాన్పించొద్దప్పా. పొద్దున్నే అది ల్యాకుంటే నేను అంగడి ఎట్ల తెరిసేది?" నాయన కరగలేదు. ఆ సాయిబు మూడో ఆదివారం తెల్లని కళ్ళతో వచ్చి ఆయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆ కళ్ళు తెల్లబడింది పసరు వల్లనా, నూనె మాని రెండు వారాలు పడుకున్నందువల్లనా అని నేను రాత్రి భోజనం దగ్గర మొదలుపెట్టేదాన్ని. చాలా కామెర్లు విశ్రాంతితో వాటంతటవే తగ్గుతాయని ల్యాబులో పనిచేసే నాకు తెలుసు. కొన్ని తగ్గవని కూడా తెలుసు. పిత్తాశయంలో రాయి అడ్డం పడి వచ్చే కామెర్లుంటాయి, రక్తంలో వైరస్సు కాపురం పెట్టి కాలేయాన్ని తినేసేవి ఉంటాయి. వాటికి మూడు ఆదివారాలు ఎదురుచూడటమంటే మూడు వారాలు పోగొట్టుకోవడమే. పైగా ఒకసారి పెద్దకడుబూరు నుంచి వచ్చిన ఒక రైతు, షుగరు మాత్ర వేసుకున్న విషయం చెప్పకుండా పరగడుపున పసరు తాగి, మా వీధి మలుపులోనే చెమటలు కక్కుకుంటూ కూలబడ్డాడు. నేను పరిగెత్తి బెల్లం ముక్క నోట్లో కుక్కాను కాబట్టి సరిపోయింది. "సూస్తివా? షుగరు తగ్గించే గుణం దానికుంది, మాత్రకూ ఉంది. రెండూ కలిస్తే మనిషి మిగలడు" అని అరిచాను. నాయన ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళను "మాత్రలేమైనా మింగుతాండారా?" అని అడగడం మొదలుపెట్టాడు. అంతకు మించి ఒక్క అంగుళం కదల్లేదు.

ఆయన్ను కదలనివ్వనిది వాళ్ళమ్మ, అంటే మా అవ్వ. మందు ఆమె చేతి నుంచే వచ్చింది, దాంతోపాటు కట్టుబాట్లూ వచ్చాయి. సూర్యుడు రాకముందే పోవాలి. మొక్కకు ఇనుము తగలకూడదు, చేత్తోనే పీకాలి. పీకాక కడగకూడదు, మంచుతోనే రుబ్బాలి. పేరు చెప్పకూడదు. ఇల్లు వదిలినప్పటి నుంచి మొక్కలు తెచ్చి రోట్లో పెట్టేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు, ఎవరు పిలిచినా వెనక్కి చూడకూడదు. ఇక చివరిది, రోగికి ఇచ్చే ముందు తను ఒక పుడిసెడు తాగాలి. "నువ్వు తాగంది ఇంగొకనికి పోయొద్దు" అందట అవ్వ. ఈ ఒక్కటి మాత్రం నాకు నచ్చేది. మిగతావన్నీ వింటే అరికాలి మంట నెత్తికెక్కేది. అందులోనూ వెనక్కి చూడకూడదనేదానితో నాకు సొంత పగ ఉంది.

అప్పుడు నాకు ఏడేళ్ళు. ఒక ఆదివారం మసక వెలుతురులో నాయన గుమ్మం దాటుతుంటే మెలకువొచ్చి, చెప్పుల్లేకుండా వెంటపడ్డాను. ఆయన ముందు, నేను వెనక. వచ్చేటప్పుడు కాలువ గట్టు మీద నా అరికాల్లో తుమ్మముల్లు దిగింది. సగానికి విరిగింది కూడా. "నాయనా!" అని కేక పెట్టాను. ఆయన ఆగాడు. నాకు బాగా గుర్తు, ఆగాడు, భుజాలు కదిలాయి. కానీ తిరగలేదు. మళ్ళీ నడక మొదలుపెట్టి, చేతిలో ఆకుతో గట్టు దిగిపోయాడు. నేను ఆ గట్టు మీదే కూర్చుని ఊరంతా లేచేలా ఏడ్చాను. కాసేపటికి ఉత్త చేతులతో పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను భుజాన వేసుకున్నాడు.  ఇంటికి తెచ్చి ముల్లు తనే తీశాడు.

ముప్పై అయిదేళ్ళుగా ప్రతి పోట్లాటలోనూ నేను ఆ ముల్లును బయటికి తీశాను. "కన్నకూతురు ఏడిస్తే తిరగని మనిషివి, నీకేం చెప్పినా ఒకటే" అనేదాన్ని. ఆయన లేచి నీళ్ళు తాగి వచ్చేవాడు.

పోయిన ఏడు వానలకు మోకాళ్ళు పూర్తిగా మొండికేశాయి. గట్టు ఎక్కలేడు. ఒక శనివారం సాయంకాలం నేను బస్సు దిగి వచ్చేసరికి వసారాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. కాఫీ ఇచ్చినా తాగడం లేదు. చివరికి అన్నాడు.

"రేపు నువ్వు పోయి తెస్తావా తల్లీ?"

నేను నడుం మీద చేయి పెట్టుకున్నాను. "నేనా? ఇన్నేళ్ళు నేను మానమంటున్నదాన్నే నన్ను తెమ్మంటున్నావా? సిగ్గుండాలి నాయనా."

"గోనెగండ్ల నుంచి ఒక పిల్ల వస్తాది. పత్తి ఏరే కూలికి పోయే పిల్ల, సంకలో పాలు తాగే బిడ్డ. పోయిన వారం ఒకసారి తాగి పోయింది. నడాన ఇడిసిపెడితే ఎట్లమ్మే?" అని ఆగి, "నువ్వు నమ్మద్దులే. నా మాట కోసరం ఆ పద్ధతి ఒక్కటి పాటించు. మాట్లాడొద్దు, వెనక్కి సూడొద్దు" అన్నాడు.

ఆయన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తులేదు. జీవితంలో అదే మొదటిసారి. ముందు ఆ పిల్ల రక్తం నేను తీసుకుంటాను, సోమవారం ల్యాబుకు పట్టుకుపోతాను, అలా అయితేనే అన్నాను. సరే అన్నాడు. నా కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు.

ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాను. కాలువకు అవతల పత్తిచేల మధ్య గట్టు మీద నేల ఉసిరి గుబురుగా ఉంది. ఆకుల మీద తడి. మంచే అనుకున్నాను. చేతికి కాస్త ఘాటు వాసన తగిలింది కానీ, పత్తిచేలల్లో ఆ కాలంలో గాలికే మందు వాసన ఉంటుంది, పట్టించుకోలేదు. రెండు గుప్పిళ్ళు పీకి, పైటలో వేసుకుని వెనుదిరిగాను. కాలువ వంతెన దాటుతుంటే వెనక దూరంగా ఎవరో కేకేశారు. "అక్కా! ఓ అక్కా!" తర్వాతి మాటలు గాలికి కొట్టుకుపోయాయి. చేను యజమాని కాబోలు, తన గట్టు మీద ఎవరు తిరుగుతున్నారని అడుగుతున్నాడు అనుకున్నాను. కాళ్ళు ఆగాయి. తల తిప్పబోయాను కూడా. నాయన ముఖం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళకు నన్ను అడిగిన ఒక్కటి. తిరగలేదు. లోపల నాకు గర్వంగా కూడా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

నాయన నా చేతుల్లోంచి మొక్కలు అందుకుని, ఒక్కో రెమ్మ తిరగేసి కాయలు చూసుకుని, "సరిగ్గా తెచ్చినావే!" అన్నాడు. ఆ మెచ్చుకోలుకు నేను చిన్నపిల్లలా పొంగిపోయాను. గోనెగండ్ల పిల్ల అప్పటికే వసారాలో కూర్చుని ఉంది. కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో. నేను ఆమె చేతి నుంచి రక్తం తీసుకునేలోపు నాయన రుబ్బి పిండి, మజ్జిగ కలిపి, అలవాటు ప్రకారం అరచేతిలో పోసుకుని తను తాగాడు. ఇంతలో బిడ్డ ఏడుపు అందుకుంది. పిల్ల గ్లాసు కోసం చేయి చాపింది.

"ఉండు తల్లీ, ముందు దానికి పాలియ్యి. దాని కడుపు నిండనీ, తర్వాత తాగుదువులే" అని గ్లాసు గూట్లో పెట్టాడు నాయన.

బిడ్డ తాగుతూ ఉండగానే వీధిలో మోటారు సైకిలు ఆగింది. ఆ చేను రైతు, రొప్పుతూ లోపలికి వచ్చాడు.

"అక్కా, ఆ ఆకు యాడ? నిన్న సాయంకాలమే గట్లకంతా కలుపుమందు కొట్టినాను. అర్సి అర్సి పిలిచినా కదక్కా, తిరిగి సూడకపోతివి! పసరుకే తీసుకపోతాందేమోనని ఇండ్లు అడుక్కుంటా వచ్చినా. ఎవురన్నా తాగినారా?"

 నాయన మోకాళ్ళ సంగతి మరిచిపోయి లేచాడు. గూట్లోని గ్లాసు తీసి వాకిట్లో కుమ్మరించాడు, రోలు బోర్లించాడు. అంతా అయ్యాక గోడ పట్టుకుని, "నేను తాగినానప్పా" అన్నాడు, ఏదో చిన్న తప్పు చేసినవాడిలాగా.

ఆటోలో ఆసుపత్రికి పోయేలోపే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. గొంతు మండుతోందన్నాడు. డాక్టరు ఏ ఆకు తాగారని అడిగితే మా నాయన నోరు మూసుకున్నాడు! ప్రాణం మీదికొచ్చినా పేరు చెప్పడు. నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. "నేల ఉసిరి సార్! నేల ఉసిరి! నేల ఉసిరి!" అని వార్డంతా వినపడేలా మూడుసార్లు అరిచాను. 

"దాంతో ఏం కాదమ్మా. దాని మీద కొట్టిన మందేదో నాకు కావాలి" అన్నాడు డాక్టరు. "ఒక రకం అయితే చూసుకోవచ్చు. ఇంకో రకం ఉంది, అది చెంచాడు పోయినా మా చేతుల్లో ఉండదు. డబ్బా తెప్పించండి."

రైతు డబ్బా కోసం చేనుకు పోయాడు. అతను తిరిగొచ్చేదాకా నాయన మంచం పక్కన కూర్చుని ఆయన పాదాలు పట్టుకున్నాను. జీవితంలో నేను అంతగా ఏ కాగితం కోసమూ ఎదురుచూడలేదు. ల్యాబు కిటికీ దగ్గర నిలబడి, వచ్చిందా మేడమ్, వచ్చిందా మేడమ్ అని అడిగేవాళ్ళను ఎన్నిసార్లు విసుక్కున్నానో అన్నీ గుర్తొచ్చాయి.

"ఆ పిల్ల తాగల్య కదా?" అన్నాడు నాయన. అప్పటికి అది మూడోసారి.

"లేదు నాయనా. తాగలేదు."

"ఆయప్ప పిలిచినా నువ్వు తిరిగి సూడల్యా?"

"లేదు." నాకు ఏడుపు ఆగలేదు. "నువ్వే చెప్తివి కదా. నీ మాట కోసమే తిరగలేదు. నేనే నీకు విషం తెచ్చిపెట్టినా నాయనా."

ఆయన చేయి చాపి నా తల మీద పెట్టాడు. "పుట్టి బుద్ధెరిగినాక నా మాట ఇన్నిందే ల్యాకపోతివి. ఇని ఇని ఈ పొద్దేనా ఇనేది?" అన్నాడు. నేను ఏడుస్తూనే నవ్వాను. పక్క మంచం వాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళనుకుని ఉంటారు.

డబ్బా వచ్చింది. డాక్టరు దాని మీద అక్షరాలు చదివి, "ఆ చెడ్డరకం కాదు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజూ మర్నాడూ ఉంచుకుని, గొంతుకూ కడుపుకూ మందులిచ్చి పంపించారు. గోనెగండ్ల పిల్ల రక్తం రిపోర్టు చూసి నేనే ఆమెను డాక్టరు దగ్గర కూర్చోబెట్టాను. కళ్ళు తెల్లబడటానికి నెలన్నర పట్టింది. ఆ డాక్టరు కూడా నూనె మానమనే చెప్పాడని తెలిసి నాయన వారం రోజులు దాన్ని పండగ చేసుకున్నాడు.

ఇక పసరు జోలికి పోడని నేను నిశ్చింతగా ఉన్నాను. నెల దాటాక ఒక ఆదివారం లేచి చూస్తే మంచం ఖాళీ. చేతికర్ర లేదు.  జుట్టు ముడేసుకుంటూ కాలువ వైపు పరిగెత్తాను.

దూరం నుంచే గొంతు వినపడింది. మా నాయన గొంతే! నలభై ఏళ్ళు ఆదివారం పొద్దున పెదవి విప్పని మనిషి, గట్టు కింద నిలబడి కనపడిన ప్రతి రైతునూ కేకేసి అడుగుతున్నాడు. "ఏమప్పా, ఈ గట్టుకు మందు కొట్టినారా? ఎన్నాళ్ళాయ? అది నేల ఉసిరే, మందు కొట్టేకాడిది నాకొద్దు!" పేరు కూడా చెప్పేస్తున్నాడు. ఒక రైతు నవ్వి, "ఏం పెద్దాయనా, ఈ పొద్దు మౌనం లేదే?" అంటే, "మాయమ్మ కాలంలో గట్లకు మందు కొట్టేటోళ్ళు యాడుండిరి? ఉండింటే ఆమే అడిగిండేది" అన్నాడు.

మందు పడని ఒక మూల, కాలువ రాళ్ళ దగ్గర, రెండు మొక్కలు పీకాడు. వాటిని కాలువలో ముంచి కడిగాడు కూడా. నేను చూస్తున్నానని ఆయనకు తెలియదు. చేతిలో ఆకుతో, కర్ర ఊనుకుంటూ, మెల్లగా ఇంటి వైపు తిరిగి నడుస్తున్నాడు. నేను వెనకే పది అడుగుల దూరంలో ఉన్నాను. తిట్టాలని వచ్చినదాన్ని. నోటికి తిట్టు రాలేదు.

"నాయనా!" అని పిలిచాను.

ఆయన ఆగాడు. భుజాలు కదిలాయి. ఆకు చేతిలో ఉండగానే, కర్ర మీద బరువు మోపి, నొప్పికి పళ్ళు బిగబట్టి, ఒంటిని మొత్తంగా నా వైపు తిప్పాడు.

"ఏమ్మే," అన్నాడు, నా పాదాల వైపు చూస్తూ. "ముల్లు గుచ్చుకున్యాదా?"